కురచ కాలి కుర్చీ

తాతయ్యకు కోపం తెప్పించాలంటే తిట్టక్కర్లేదు, ఎదురుగా ఒక వంకర తలుపు పెడితే చాలు. పరామర్శకు వెళ్లిన ఇంట్లో కూడా ముందు గడియ సరిచేసి, ఆ తర్వాతే కళ్లు తుడుచుకునే మనిషి. ముప్పై ఏళ్లు వడ్రంగం చేశాడు. ఆపైన పదేళ్లు ఒక ఫర్నిచర్ కంపెనీలో కంప్యూటర్ మీద బీరువాల, మంచాల నమూనాలు తయారుచేశాడు. పోయినేడు ఆ కంపెనీ మూతపడింది. అప్పట్నుంచి ఇంట్లో తలుపులన్నీ హాయిగా తెరుచుకుంటున్నాయి, నానమ్మకే ఊపిరాడటం లేదు.

అలాంటప్పుడు కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక గేమ్ స్టూడియోవాళ్లకు, ఆటలో కనిపించే సామాన్లు చేసే మనిషి కావాలన్న ప్రకటన మనవరాలు చూపించింది. పనితనం చూడటానికి వాళ్లు ఆర్ట్ టెస్ట్ పంపారు: ఒక పాత కుర్చీ బొమ్మ. ఆటలో వస్తువు ఎలా ఉండాలో చూపిస్తూ వాళ్ల చిత్రకారుడు గీసిన కాన్సెప్ట్ ఆర్ట్ అది. దాన్ని చూసి అచ్చం అలాంటి కుర్చీనే కంప్యూటర్లో చెయ్యాలి. ఈ వయసులో మళ్లీ ఎవరు పిలుస్తారు? ఇది పోతే ఇక పనే లేదని తాతయ్యకు తెలుసు. వారం గడువిస్తే నాలుగు రోజుల్లో ముగించాడు.

"ఎవడు గీశాడో గానీ, వాడు జన్మలో కుర్చీ ఎక్కినట్టు లేడు. వెనక కాలొకటి కురచ. నేనే సరిచేసి పంపాను."

"వాళ్లు చెయ్యమన్నారా?" అంది నానమ్మ వంటగదిలోంచి.

"మంచి పనివాడు అడక్కుండానే చేస్తాడే!"

"మరి నా స్టూలు కాలు సరిచెయ్యమని ఇరవై ఏళ్లుగా అడుగుతున్నానే!" అంటూ ఆవిడ కూర్చుంది. స్టూలు టక్కుమంది. సరిగ్గా అప్పుడే తాతయ్యకు చెవుడొచ్చింది.

మర్నాడు స్టూడియో నుంచి వీడియో కాల్. చేసింది ఆర్ట్ విభాగం పెద్ద. పెద్దంటే ముప్పై కూడా నిండని అమ్మాయి. తాతయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెచ్చుకోలు అందుకోవడానికి మీసం కూడా దువ్వుకుని కూర్చున్నాడు.

"చాలా మంచి కుర్చీ చేశారండీ. కానీ ఇది మా కుర్చీ కాదు."

తాతయ్య మీసం మీంచి చెయ్యి తీశాడు.

"కాలు కురచగా ఉందమ్మా, అందుకని..."

"కావాలనే అలా గీశామండీ. ఆటలో ఇంటి యజమాని ఆ కుర్చీలో కూర్చుంటే టక్కుమంటుంది. పక్క గదిలో దాక్కున్న ఆటగాడికి ఆ చప్పుడే గుర్తు. మీ కుర్చీ చప్పుడు చెయ్యదు. యజమాని కూర్చున్నాడో లేచాడో తెలీక ఆటగాడు బయటికొచ్చి, దొరికిపోయి చస్తాడు."

తాతయ్య కొయ్యబారిపోయాడు. నలభై ఏళ్ల పనిలో ఆయన కుర్చీ వల్ల మనిషి పోవడం ఇదే మొదలు.

"రేపు సాయంత్రం దాకా చూస్తాను. ఈసారి బొమ్మ పక్కన పెట్టుకుని చెయ్యండి," అంది అమ్మాయి.

బొమ్మను అచ్చు తీయించి తెర పక్కన అంటించాడు. ఈసారి నిదానంగా చూశాడు. కుర్చీ ఎడమ చెయ్యి అరిగి ఉంది, కుడి చెయ్యి కొత్తగా ఉంది. తను రెండూ ఒక్కలాగే చేశాడు. వెనక పట్టీల్లో ఒకటి వేరే చెక్క. లెక్కపెడితే పదకొండు తేడాలు!

"ఓరి నాయనో, నేనసలు చూడనే లేదే!"

ఒక్కసారి చూసి, మిగతాదంతా తన బుర్రలోంచి చేసేశాడు. వెనకటికి ఒకావిడ తక్కువ ఎత్తు అల్మరా అడిగితే, అందంగా ఉండదని ఎత్తుగా చేసిచ్చాడు. ఆవిడెంత పొట్టిదో ఇప్పుడు గుర్తొచ్చింది.

పది సరిచేశాడు. కాలు కొయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. అంతలో వంటగదిలో టక్.

"అప్పుడే కూర్చున్నావేం? మోకాలు నొప్పా?"

"గోడవతల ఉన్నారు, మీకెలా తెలిసింది?"

తాతయ్య ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఏళ్లుగా ఆవిడ ఎప్పుడు కూర్చుందో, ఎప్పుడు లేచిందో ఆయనకు తెలుస్తూనే ఉంది. ఎలా తెలుస్తోందో మాత్రం ఇప్పుడే తెలిసింది. బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిచి, కాలు కోసేశాడు.

రెండు రోజులకు కబురొచ్చింది, సోమవారం నుంచి పనిలోకి రమ్మని. అరవై రెండేళ్లకు కొత్త ఉద్యోగం! ఇల్లంతా నోళ్లు తెరిచింది. ముందుగా తేరుకున్నది నానమ్మే.

"సంతోషం. ఇకనైనా నా స్టూలు చూస్తారా?"

"దాని జోలికి వెళ్లనే. బొమ్మలో అలాగే ఉంది."

"ఏ బొమ్మలో?"

"గోడవతల నుంచి నాకు కనిపించే నీ బొమ్మలో," అంటూ తాతయ్య నవ్వాడు. నానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. వంటగదిలోకి వెళ్లి స్టూలు మీద కూలబడింది.

టక్.