చిన్నాయన చెరిపిన మచ్చ

మా చిన్నాయన పోయాడని పోయిన వారం చింతామణి నుంచి చిన్నమ్మ ఫోను చేసింది. పొద్దున షెడ్డు తలుపు తీసి కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట. నేను బడి నుంచి నేరుగా బస్సెక్కాను.

బండ్లకు రంగు వేసే షెడ్డు ఆయనది. ఏ బండి వచ్చినా వెంటనే చేయి పెట్టేవాడు కాదు. ఎండ ఏటవాలుగా పడేదాకా ఆగి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి చూసేవాడు. నీడలో అన్ని బండ్లూ బాగానే ఉంటాయనేవాడు. మా పిల్లల్ని ఎత్తుకునే ముందు తన చేతులు వాసన చూసుకునేవాడు, రంగులో కలిపే థిన్నరు కంపు పోయిందో లేదోనని.

దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం కడుతున్న రోజుల్లో, బాగేపల్లి నుంచి ఒకామె ఎర్రటి స్పోర్ట్స్ కారును లారీ మీద పంపించింది. రెండే సీట్లు. ఆమె భర్త ముచ్చటపడి కొనుక్కున్న కారు. ఆయన పోయాక వేరుశనగ గోదాములో పడి ఉండి, ఎరుపు వెలిసి తెల్లబారింది. కిటికీల చుట్టూ రబ్బరు పెళుసెక్కింది. మునుపటి మాదిరి చేసిమ్మని మాత్రమే ఆమె చెప్పి పంపింది.

అలాంటి కారు మా చిన్నాయన చేతికి రావడం అదే మొదలు, అదే చివర. తక్కిన పనులన్నీ పక్కన పెట్టాడు. మెరుపు పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసి తుప్పు వదిలించాడు. రబ్బరు కోసం బెంగళూరంతా తిరిగాడు. పాత రంగును పోగొట్టకుండా, నీళ్లు చల్లుతూ సన్నపాటి గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పట్టి, అడుగున దాగిన ఎరుపును పైకి తెచ్చాడు. డ్రైవరు వైపు తలుపు మీద అరచేయంత మేర ఎవరో కుంచెతో మోటుగా పూసిన ముదురు ఎరుపు ఉంది. దాన్ని గీకేసి, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయేలా వేశాడు. ఎక్కడ వేశాడో మాకెవరికీ కనిపించలేదు.

ఆమె వచ్చి కారు చుట్టూ తిరిగింది. బాగుందంది. తలుపు దగ్గర ఆగి, చేత్తో తడిమి, "ఈడ ఒక మచ్చ ఉండాల కదప్పా?" అని అడిగింది.

తీసేశానని చిన్నాయన సంతోషంగానే చెప్పాడు. ఆమె తలుపు మీంచి చెయ్యి తీయలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. తను డ్రైవింగు నేర్చుకునేటప్పుడు గేటుకు రాసుకుని ఆ తలుపు చెక్కుకుపోయిందట. భర్త కోప్పడకుండా నవ్వి, తనే కుంచె పట్టుకుని పూశాడట. చిన్నాయనను ఆమె ఒక్క మాట కూడా అనలేదు. కారు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆయన ఏ బండినీ అడగకుండా రుద్దలేదు. యజమానిని పక్కన నిలబెట్టుకుని, "దీంట్లో ఏది ఉండనియ్యాల?" అని అడిగేవాడు. జనం వింతగా చూసేవారు. బడిలో పిల్లల వ్యాసాలు దిద్దేటప్పుడు ఒక్కోసారి నా ఎర్ర పెన్ను ఆగడం ఆయన చలవే.

మరుసటి ఏడాది ఒక ఆదివారం బాగేపల్లిలో మా ఇంటికొచ్చాడు. ఆమె ఇంటికి ఒంటరిగా పోలేక నన్ను తోడు రమ్మన్నాడు. కారు వరండా పక్కన గుడ్డ కప్పి ఉంది. ఆమె గుడ్డ తీసింది. ఆ మచ్చ మళ్లీ అట్లే వేసిస్తానమ్మా, ఆ రంగు నాకు గుర్తుండాది అన్నాడు చిన్నాయన.

"నువ్వు ఏస్తే అది నీదవుతాదప్పా," అంది ఆమె. "ఆయనది యాడ అవుతాది?"

ఆ మాటలో కోపం లేదు. కూర్చోమని చెప్పి కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. మేం కూర్చోలేదు. ఎండ తలుపు మీద ఏటవాలుగా పడుతోంది. ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు. అద్దంలో లాగా మా ఇద్దరి ముఖాలూ అందులో కనిపించాయి. చిన్నాయన తన ముఖాన్ని కాసేపు చూసుకుని, అది తలుపు మీద పడకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు.