కార్బన్ కాపీల్లో గొర్లకాపరి పేరు

తొంభైల మధ్యలో పత్రిక డెస్కు ఉద్యోగం వదిలి, గ్రామీణ విలేకరులకు శిక్షణ ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. నాకు అప్పగించినవి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. నా శిష్యులంతా కంట్రిబ్యూటర్లు, అంటే నెల జీతం లేని విలేకరులు. ఒకరికి కిరాణా కొట్టు, ఇంకొకరికి రెండు మరమగ్గాలు, ఆ పైన పేపరు పని.

సిరిసిల్లలో వాళ్లకో అలవాటుండేది. పత్రికలు నాలుగు, విలేకరులు నలుగురు, కూర్చునేది మాత్రం ఒకటే హోటల్ బల్ల. ఒకరు కార్బన్లు పెట్టి వార్త రాస్తే, తలా ఒక కాపీ కవర్లో పెట్టి కరీంనగర్ బస్సు డ్రైవర్‌కు ఇచ్చేవాళ్లు. ఎవరి వార్త వాళ్లు రాసుకోండయ్యా అని మొత్తుకునేవాణ్ణి. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే ఉండేది.

ఒకరోజు తరగతిలో, మరమగ్గాలున్న రాజేశం ఆ మధ్యాహ్నమే బస్సెక్కించిన వార్త కాపీ ఇచ్చి దిద్దమన్నాడు. వీర్నపల్లి దిక్కు అడవిలో పోలీసులకు డంపు దొరికింది. డంపు అంటే నక్సలైట్లు భూమిలో పాతి దాచుకున్న ఆయుధాలు. వార్త శుభ్రంగానే ఉంది. కానీ ఆ చోటు చూపించిన గొర్లకాపరి పేరు, తండ్రి పేరు, ఊరు కూడా ఉన్నాయి. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం ఒక్కటే మనిషి ప్రాణం తీస్తున్న రోజులవి.

పేరు తీయించమన్నాను. రాజేశం ఒప్పుకోలేదు.

"ఎస్సై సారే మా నలుగురిని పిలిచి చెప్పిండు సార్. నేనొక్కన్నే తీస్తే, రేపు వేరే పేపర్ల వస్తది. నీకెందుకు తెల్వలేదని మా డెస్కోళ్లు నన్ను తిడ్తరు."

అతని భయం అబద్ధం కాదు. అలాంటి లోటును 'మిస్' అనేవాళ్లు. మిస్సులు ఎక్కువైతే ఆ ఊరికి ఇంకో విలేకరి వచ్చేవాడు.

వాదించడం మాని, కాపరి పేరున్న చోట సొంత అన్న పేరు పెట్టుకుని ఆ వాక్యాన్ని పైకి చదవమన్నాను. నవ్వుతూ మొదలుపెట్టాడు. అన్న పేరు, తండ్రి పేరు చదివి, ఊరి పేరు దగ్గర ఆగిపోయాడు. కాగితం బల్లమీద పెట్టి, "నడువుండ్రి, ఎస్టీడీ బూతు కాడికి పోదాం" అని తక్కిన ముగ్గుర్నీ తనే లేపాడు.

ఎవరి డెస్కుకు వాళ్లే ఫోన్ చేశారు. మూడు చోట్ల వెంటనే తీసేశారు. నాలుగో డెస్కులో పేజీ అయిపోయిందని విసుక్కున్నారు. రాజేశం తోటి విలేకరి చేతిలోంచి రిసీవర్ లాక్కున్నాడు. తనది కాని ఆ పత్రికవాళ్లను, "అన్నా, గాయిన పానం పోతదే! గా ఒక్క లైను తీసెయ్యే" అని బతిమాలాడు.

మర్నాడు నాలుగు పత్రికల్లోనూ పేరు లేదు. పట్టరాని సంతోషంతో అందరికీ చాయ్ తాగించాను.

కొద్దిరోజులకు ఆ కాపరి పేపరు పట్టుకుని రాజేశం ఇంటిమీదికి వచ్చాడు. "సూపెట్టింది నేనైతిని. ఎస్సై పేరు ఏసి నా పేరెందుకు ఎయ్యలే?" అని తిట్టిపోశాడట. రాజేశం ఆయన్ని లోపలికి తీసుకుపోయి, సంగతి చెప్పి, ఎక్కడా నోరు విప్పొద్దని పంపించాడు.

తిట్లు పడ్డందుకు బాధపడ్డావా అని అడిగాను.

"తిట్టెతందుకు మనిషున్నడు గద సార్" అన్నాడు.

ఆ తర్వాత కార్బన్ల మీద ఉపన్యాసం తగ్గించి, ప్రతి తరగతిలోనూ ఒక మాట ముందు చెప్పేవాణ్ణి. పేరు ఎవరు చెప్పినా, అది నిజమే అయినా, అచ్చుకు పంపేముందు ఆ మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడో ఆలోచించాలి.