సైకిల్ దిగాక నాది కాని కాలు

మా ముత్తాత ఓబుళనాయుడు గుర్రం మీద అహోబిలం తిరుణాలకు వస్తే జనం పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. తాత కొండప్పనాయుడు చుట్టుపక్కల ఊళ్ల తగాదాలు తీర్చేవాడు. నా దాకా మిగిలింది గుర్రపు జీను. జీను మీద మోకాలు వంచి కూర్చోవడం మా ఇంట్లో నామోషీ. అందుకే నా సైకిల్ సీటును కూడా ఆ జీనుకు వేలాడే, కాలు పెట్టే రికాబు పట్టీ కొలతకే, కాలు పూర్తిగా చాపితే తప్ప పెడల్ అందనంత ఎత్తులో బిగించాను.

నేను ట్రయథ్లాన్ చేస్తాను: ఈత, సైకిల్, పరుగు, వెంటవెంటనే. ఒకరోజు కర్నూలు శివార్లలో సైకిల్ దిగి పరుగెత్తబోతే కుడి పాదం నేలకు టపటపా కొట్టుకుంది. మోకాలి కింద, ఎముక పక్క కండ రాయిలా బిగిసింది. మరునాడు ఉత్త పరుగుకు నొప్పే లేదు. ఎవరో సైకిల్ బిగింపులు మార్చారనుకున్నాను. మెకానిక్ ఖాజాను నిలదీశాను.

"అనుమానముంటే వేరే అంగడికి పోప్పా. ఈడ గ్రీజు తప్ప ఏమీ అంటించలే," అన్నాడు.

కడపలో కాలికి ఎమ్మారై తీశారు. నార్మల్. అయినా డాక్టరు, "కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అనుకుంటా, పరుగులో కండ ఉబ్బి పైపొరలో ఇరుక్కుంటుంది. కండ మీది పొర కోయాల్సి రావచ్చు," అన్నాడు. నార్మల్ కాలిని కోయడమెందుకు? ఆయన్నీ నమ్మలేదు.

"కోయించుకుంటావో, పరుగు మానుకుంటావో తేల్చు. అందర్నీ దొంగల మాదిరి చూస్తాండావు," అంది నా భార్య సుజాత.

కర్నూలులో ఒక స్పోర్ట్స్ డాక్టరమ్మ కాలికి సెన్సార్లు అంటించి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, కండ పనిచేసే తీరును తెర మీద గీతగా చూపే ఈఎంజీ తీసింది. మళ్లీ నార్మల్.

"సైకిల్ తెచ్చినారా?" అంది.

"దానికేం రోగం?"

"తొక్కి, దిగిన వెంటనే పరుగెత్తండి. చూద్దాం."

ఈసారి అదే కండ గీత వేరేగా వచ్చింది. తెర మీద కూడా అనుమానపడి ఇంకో రోజు మళ్లీ తీయించాను. అట్లే వచ్చింది.

"సీటు ఎత్తుకు పెడల్ అందక కాలివేళ్లు కిందికి చాచి తొక్కుతున్నారు. దిగాక కూడా కండరాలు ఆ పనే చేస్తున్నాయి. అందరికీ ఇట్లా కాదు, కొందరికే. ఈ ఎత్తు ఎవరు పెట్టినారు?"

"మా ముత్తాత."

"ఆయన దిగి పరుగెత్తేవారా?"

"లేదు. ఆయన దిగితే పట్టుకోను మనుషులుండేవారు."

సీటు దించాం. నడుమ ఒకసారి మనసొప్పక మళ్లీ పైకెత్తాను. గండికోట దారిలో నొప్పి తిరిగొచ్చింది. అప్పుడు పూర్తిగా దించాను. ఆపరేషన్ అవసరం పడలేదు. ఇప్పటికీ సైకిల్ దిగాక కొంతదూరం కాలు పరాయిదిలా ఉంటుంది, తర్వాత నాదవుతుంది.

సైకిల్ దిగాకే నొప్పి వస్తుంటే, కోతకు ఒప్పుకునే ముందు సైకిల్‌ను ఆసుపత్రికి తీసుకుపోండి. తొక్కిన వెంటనే పరీక్ష చేయమనండి.

జీనును రికాబులతో సహా గండికోట దగ్గర ఒక హోటల్‌కు అమ్మేశాను.