మా బావ హస్తవాసి

ఏసీలు బాగుచేసేవాడికి హస్తవాసి ఏమిటని మీరు నవ్వచ్చు. డెబ్భైల్లో విశాఖ పాతపట్నంలోని మా షాపులో మాత్రం ఎవరూ నవ్వేవాళ్లు కాదు. డాక్టరుకి ఉన్నట్టే మెకానిక్కుకీ ఉంటుందని మా ఓనరుకి గట్టి నమ్మకం. చెయ్యి మంచిదైన వాడే గ్యాసు సిలిండరు వాల్వు తిప్పాలి. ఆ మంచి చెయ్యి నాదట. చెడ్డ చెయ్యి మా బావదట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బావంటే మా అక్క భర్త. నాకు పని నేర్పిందీ, ఆ షాపులో పెట్టించిందీ ఆయనే. రాగి గొట్టాలు ఆయన అతికితే అతుకెక్కడో తడిమినా తెలిసేది కాదు. అంత పనివాడు కాబట్టే హార్బరు వైపు నుంచి వచ్చే మొండి కేసులన్నీ ఆయన నెత్తినే పడేవి. కంప్రెసరు కాలిపోయి, గొట్టాలు నోళ్లు తెరుచుకుని, వానకీ ఉప్పుగాలికీ రోజుల తరబడి నానిన యూనిట్లు అవి. నాకేమో ఊళ్లో డాబుసరి ఇళ్ల యూనిట్లు, చిన్నచిన్న లీకులు.

గ్యాసు నింపేముందు గొట్టాల్లోని గాలినీ చెమ్మనీ పంపుతో లాగేయాలి. దాన్నే వాక్యూమ్ అంటాం. మా పంపు ఒక పాత ఫ్రిజ్ కంప్రెసరు. మా కొలత టీ. గేజి ముల్లు చివరి అంకె ముప్పై దగ్గరికి చేరగానే వాల్వు కట్టేసి, అందరం ఎదురుగా ఉన్న టీకొట్టుకి పోయేవాళ్లం. తిరిగొచ్చేసరికి ముల్లు అక్కడే ఉంటే పాసు. మాకు తెలిసిన షాపులన్నిటా అదే లెక్క.

నా యూనిట్లు పాసయ్యేవి, చల్లగా నడిచేవి. బావవీ పాసయ్యేవి. కానీ తీసుకెళ్లి బిగించాక కాసేపు చల్లగాలి ఇచ్చి, తర్వాత ఉత్త ఫ్యాన్ల మాదిరి తిరిగేవి. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ చల్లదనం, మళ్లీ అదే రోగం. వెతికితే లీకూ ఉండదు, పాడూ ఉండదు. షిప్పింగు ఆఫీసువాళ్ల యూనిట్ ఒకటి పదేపదే తిరిగొచ్చేసరికి ఓనరు అందరి ముందూ అనేశాడు.

"నీ పని బాగుంది గానీ నీ సెయ్యి మంచిది కాదయ్యా. వాల్వు మీ బావమరిది సేత తిప్పించు."

నేను గయ్యిమన్నాను. బావే నన్ను ఆపాడు. "ఊరుకో బావా. ఉన్న మాటే అన్నాడు కదా" అన్నాడు. చివరికి వాల్వు నేనే తిప్పాను. అయినా ఆ యూనిట్‌లో చల్లదనం మళ్లీ ఆగిపోయింది. అప్పటికే ఆయన చెయ్యి దాని మీద పడిపోయిందన్నారు! ఎటు తిప్పినా తప్పు ఆ చేతిదే. కొన్నాళ్లకి ఆయనే ఆ మాట నమ్మేశాడు. పనిముట్లన్నీ నాకు వదిలేసి, వాళ్ల నాన్న విత్తనాల కొట్టు చూసుకుంటానని అక్కతో ఎలమంచిలి వెళ్లిపోయాడు.

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరందుకున్నాక, దువ్వాడ వైపు ఒక కాంట్రాక్టరు ఆఫీసు ఏసీలు మాకు వచ్చాయి. వాళ్లది ఒకటే షరతు. వాళ్లిచ్చే ఎలక్ట్రానిక్ వాక్యూమ్ గేజి పెట్టి చూశాకే గ్యాసు నింపాలి. ఇన్నేళ్లు చేసినవాడికి ఈ డబ్బా చెబుతుందా అని గొణుక్కుంటూనే బిగించాను. వానలో తడిసిన యూనిట్‌కి నా మంచి చేత్తోనే వాక్యూమ్ లాగాను. వాల్వు కట్టాక పాత గేజి ముల్లు ముప్పై మీదే కూర్చుంది. కొత్త గేజి ముల్లు మాత్రం మెల్లగా వెనక్కి పాకి, ఒకచోట ఆగింది. లీకైతే ఆగదు. లోపల మిగిలిన నీళ్లు ఆవిరై, ముల్లుని కొంతవరకే వెనక్కి నెట్టాయన్నమాట. ఆ చెమ్మే సన్నగొట్టంలో మంచుగడ్డై అడ్డం పడుతుంది, మిషను ఆపితే కరుగుతుంది. అంత చిన్న తేడా పాత గేజికి కనబడదు.

ఓరి దేవుడా, చెయ్యి కాదు, చెమ్మ! పంపులో నూనె మార్చి, గొట్టాలకి వేడి చూపిస్తూ సాయంత్రం దాకా లాగితే గానీ ఆ ముల్లు నిలబడలేదు. ఇలాంటి గేజి ఒక్కటి ఆ రోజుల్లో మా దగ్గర ఉండుంటే మా బావ బతుకు ఇంకోలా ఉండేది కదా అని ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం పొద్దున్నే ప్యాసింజరెక్కి ఎలమంచిలి వెళ్లాను. బావ అప్పుడే కొట్టు తీశాడు. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను.

"ఏటీ, ముల్లు ఎనక్కొచ్చి ఆగిపోనాదా?" అన్నాడు. మళ్లీ చెప్పించుకున్నాడు. లోపల్నుంచి అక్కని పిలిచి, ఆమె ముందు ఇంకోసారి చెప్పించాడు. "అయితే నా సెయ్యి కాదన్నమాట" అంటూ నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఆ ఓనర్ని ఇప్పుడు తీసుకురా, సెబుతాను!" అని అక్క చిందులేసింది. నా గుండె మీంచి బరువు దిగినట్టయింది.

ఇంతలో ఒక రైతు నువ్వుల విత్తనాల కోసం వచ్చాడు. బావ గల్లా దగ్గర్నుంచి లేచి పక్కకి జరిగాడు. "ఏమే, నువ్వే కొలిచి ఇయ్యి" అన్నాడు అక్కతో. ఆ కొట్టులో విత్తనం ఎప్పుడూ అక్కే ఇస్తుందని అప్పుడు గాని నాకు తెలియలేదు.

"బావా, ఇప్పుడే కదా చెప్పాను" అన్నాను.

"నువ్వు సెప్పినాది నిజమే బావా" అన్నాడు గొంతు తగ్గించి. "అయినా పాపం, రైతోడు. ఆడి పంట మీద మనకి పరీచ్చలెందుకు?"