ఎడెల్మిరా తీసిన తలలేని సినిమాలు

ఎడెల్మిరా సియు సినిమాల్లో మనుషులకి తలలుండవు. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కెమెరా ఆగిపోతుంది. లీమాలో మా చైనా వీధి మీద ఇరవయ్యేళ్ళుగా పొట్టి సినిమాలు తీస్తోంది. మూలికల కొట్టు మీద ఒకటి, బట్టలుతికే దుకాణం మీద ఒకటి, మాజాంగ్ పలకలాట ఆడే ముసలమ్మల మీద ఒకటి. వాటిల్లో చేతులుంటాయి, బొజ్జలుంటాయి, చెప్పులుంటాయి. మొహం మాత్రం మచ్చుకైనా ఉండదు.

మొదట్లో జనం గడ్డాలు గీయించుకుని, పౌడరు రాసుకుని వచ్చేవాళ్ళు. తరవాత తెలివి తెచ్చుకుని గోళ్ళు కత్తిరించుకుని రావడం మొదలుపెట్టారు. బేరం పోయిందని మా వీధి మంగలి ఆవిడతో ఏడాదిపాటు మాట్లాడలేదు. సినిమా వేసిన రోజున ఆ బొజ్జ నాదంటే నాదని హాల్లో కొట్టుకు చచ్చేవాళ్ళు.

అందరికన్నా ఎక్కువ కుమిలిపోయింది మా వీధి చైనావాళ్ళ సంఘం అధ్యక్షుడు దొన్ తియోఫిలో చుంగ్. ఆయనకి బూట్ల దుకాణం ఉంది, తను అందగాణ్ణన్న నమ్మకమూ ఉంది.

"నా మొహానికేం తక్కువమ్మాయ్?" అని అడిగాడు ఓసారి.

"తక్కువేం లేదు బాబాయ్. నా సినిమాకే ఎక్కువ."

ఆయన ఊరుకునే రకం కాదు. షూటింగులో ఏదో జారిపడినట్టు వంగి, కెమెరా ముందుకి తల తెచ్చాడు. ఈవిడ కెమెరా కిందికి దించింది. ఆయన ఇంకా వంగాడు, ఈవిడ ఇంకా దించింది. చివరికి ఆ సినిమాలో మిగిలినవి ఆయన బూట్లే. ఆ నెల దుకాణంలో అమ్మకాలు పెరిగాయనుకోండి, అది వేరే సంగతి.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఎడెల్మిరా ముందు ఆ మొండివాడు కూడా దిగదుడుపే. ఏదో విదేశీ చిత్రోత్సవం వాళ్ళు డబ్బిస్తామనీ, ఎర్ర లాంతర్లు, సింహం ఆట, ఓ ముసలాయన కన్నీళ్ళు ఉండాలనీ రాశారు. కన్నీళ్ళు మెడకి పైన వస్తాయి కాబట్టి తన దగ్గర దొరకవని జవాబు రాసి పడేసింది. నెలకోసారి నా హోటల్లో అప్పుగా చాఫా అనే వేపుడన్నం తినే మనిషి ఆ జవాబు రాసిందంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

తరవాతి సినిమా నా హోటల్లోనే తీసింది. నా వంటవాడు ఆ-ఫూన్ వంతాన్లు మడిచే చేతుల మీద. పిండి రేకులో మాంసం కూర పెట్టి అతను మడుస్తుంటే మన చూపు వెనకబడిపోయేది. చైనాలో కాంతన్ దగ్గర పల్లె నుంచి వచ్చిన ఆ-ఫూన్‌కి ఇక్కడ ఉండడానికి కాగితాల్లేవు. దొరికితే ఓడో విమానమో ఎక్కించేస్తారు. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆదివారం మధ్యాహ్నం సంఘం హాల్లో సినిమా వేస్తుంటే వలసల శాఖ వాళ్ళు ఇద్దరొచ్చి ముందు వరసలో కూచున్నారు. కాగితాల్లేని వంటవాడొకడు ఉన్నాడని ఎవరో ఉప్పందించారట. ఆ-ఫూన్ మూడో వరసలో, ముసలమ్మల మధ్య, గుమ్మడి గింజలు నములుతున్నవాడల్లా నమలడం మానేశాడు. 

సినిమా అయ్యాక ఆఫీసరు లేచి, ఈ చేతులెవరివని అడిగాడు.

"నా సినిమాలో వాళ్ళకి తలలుండవండీ," అంది ఎడెల్మిరా, కుర్చీలోంచి లేవకుండానే. "చేతుల్నే అడగండి."

 వెనకనుంచి దొన్ తియోఫిలో లేచాడు.

"నావే," అన్నాడు.

ఇరవయ్యేళ్ళుగా మొహం చూపించమని కాళ్ళా వేళ్ళా పడ్డ మనిషి! అయితే ఒకటి మడవమన్నాడు ఆఫీసరు. నా హోటల్ వంటగదిలోంచి రేకులూ కూరా తెచ్చారు. దొన్ తియోఫిలో చెమటలు కక్కుతూ మడిచాడు. తయారైంది తడిసిన మేజోడులా ఉంది.

"కెమెరా ఉంటే బాగా వస్తాయి," అన్నాడాయన, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

ఈలోగా ఓ ముసలమ్మ ఆ చేతులు తనవేనంది. పక్కావిడ, కాదు తనవంది. ఆఫీసరు హాలంతా ఓసారి కలయజూసి, పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, తోటివాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఎడెల్మిరాని అడిగాను, తలలు తీసేసేది ఇందుకేనా అని.

"ఒక్కడికే తల తీసేస్తే, ఆ ఒక్కడెవడని అడుగుతార్రా. అందరికీ తీసేస్తే ఇంక అడిగేదేముంది?"

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే అది దాచినట్టెలా అవుతుంది?" అని, అన్నం కాస్త ఎక్కువ పెట్టమంది. ఇన్నేళ్ళూ ఆవిడని వెక్కిరించినవాళ్ళలో నేనే ముందున్నాను. సిగ్గేసింది. రెండు గిన్నెలు పెట్టాను.

రెండేళ్ళకి ఆ-ఫూన్‌కి కాగితాలొచ్చాయి. ఎడెల్మిరా వెంటనే ఓ సినిమా తీసింది. ఏడు నిమిషాలూ తెరనిండా ఆ-ఫూన్ మొహమే. సూపు తాగుతాడు, నవ్వుతాడు, మళ్ళీ తాగుతాడు.  నా కళ్ళు తడిశాయి.

అంతలో చీకట్లోంచి దొన్ తియోఫిలో గొంతు వినిపించింది.

"ఎవరో పోల్చుకోలేకపోతున్నాం అమ్మాయ్. కాస్త చేతులు చూపించు."