మూడు నీళ్ళు

పంతొమ్మిది వందల డెబ్భై మూడు, ఆగస్టు నెల. ఎమ్మిగనూరు రాతిగుడిలో ఆదివారం పూజ ముగిసింది. ఆదోని నుంచి మోటారు సైకిలు మీద వచ్చే ఫాదర్‌కు ఇంకో రెండు పల్లెల్లో పూజ ఉంది. ఎప్పటిలాగే ఆఖరి దీవెన ఇచ్చి, చెమట తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జనం చాపల మీద అట్లాగే కూర్చున్నారు. ప్రకటనలు చదవడం, ఫాదర్ లేనప్పుడు గుడి చూసుకునే ఉపదేశి జయరాజు పని. ఒక పెండ్లికి మొదటి చాటింపు, బుధవారం మాత నవదిన ప్రార్థన, పండుగకు గుడి సున్నం కొట్టడానికి మనుషులు కావాలన్న మాట, అన్నీ చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆ కాగితంలో లేనిది ఒకటి చెప్పాడు.

"ఈరోజు నుంచి హులిగమ్మ పూజ గుడ్డలు ముట్టకూడదు. పీఠం మీది గుడ్డలు ఉతికిన నీళ్ళు తీసుకెళ్ళి వేపచెట్టు మొదట్లో పోస్తోంది. పోసి కళ్ళకద్దుకుంటోంది. నా కళ్ళతో చూశాను. జ్ఞానస్నానం అయి ఇన్నేళ్ళయినా పాత అమ్మవారు ఆమెను వదల్లేదు."

ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్న హులిగమ్మ లేచి నిలబడింది.

"గడ్డం స్వామి సెప్పినాడప్పా."

"ఏమని? వేపచెట్టుకు నీళ్ళు పోయమనా?"

"పోయమనే సెప్పినాడు."

గుడి అంతా నవ్వింది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో "పసుపు కూడా పూయమన్నాడేమో అడుగు" అన్నారు. మళ్ళీ నవ్వు. ఆ నీళ్ళలో ఏముంటుందో చెప్పాలని ఆమె నోరు తెరిచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఆమెకు ఆ పేరు పెట్టింది తల్లి. ముగ్గురు బిడ్డలు పోయాక, తుంగభద్ర ఒడ్డున హులిగి అమ్మవారికి మొక్కుకుంటే నిలిచిన బిడ్డ. పన్నెండేళ్ళప్పుడు పేటలో అందరితో పాటు జ్ఞానస్నానం పొందింది. రిజిస్టరులో మార్తమ్మ అని రాసుకున్నారు. ఆ పేరు రిజిస్టరులోనే ఉండిపోయింది. సాలెవాళ్ళ ఇళ్ళలో మగ్గాలకు కండెలు చుట్టేటప్పుడు హులిగమ్మ, గుడిలో హులిగమ్మ, మొగుడు ఉచ్చీరప్ప కోపంలో పిలిచినా హులిగమ్మ.

గడ్డం స్వామి అంటే పాత డచ్చి ఫాదర్. ఆయన ఎమ్మిగనూరు వచ్చిన కొత్తలో పూజ గుడ్డలు ఉతకడానికి ఈమెను పిలిచి, గుడి వెనక బండ దగ్గర తనే పంచె ఎగగట్టి కూర్చుని నేర్పించాడు. పూజలో ద్రాక్షరసం పాత్ర కింద పరిచే చదరపు గుడ్డ, ఆ పాత్ర తుడిచే గుడ్డ, ఈ రెండూ వేరుగా తియ్యాలి. మొదట సబ్బు లేకుండా మూడు నీళ్ళలో జాడించాలి. సత్ప్రసాదం అప్పం పొడి కంటికి కనపడనంత ఆ గుడ్డల్లో ఉంటుంది. అది దేవుని శరీరం. ఆ మూడు నీళ్ళూ మురికి కాలవలో పడకూడదు. మనుషులు తొక్కని మట్టిలో పోయాలి. గుడి ఆవరణలో మనుషులు తొక్కని తావు వేపచెట్టు మొదలు ఒక్కటే. అక్కడ పొయ్యమన్నది ఆయనే. కళ్ళకద్దుకోవడం మాత్రం ఆయన చెప్పలేదు. అది హులిగమ్మ సొంతం. దేవుడు కలిసిన నీళ్ళు చేతికంటితే కళ్ళకద్దుకోకుండా ఎట్లా ఉంటుంది?

పదకొండేళ్ళు ప్రతి శనివారం అట్లాగే చేసింది. గడ్డం స్వామి తన దేశానికి పోయి అక్కడే చనిపోయాడు. గుంటూరు వైపు నుంచి ఉపదేశి జయరాజు వచ్చి అప్పటికి ఆరు నెలలు. చదువుకున్నవాడు. జపాలన్నీ నోటికి వచ్చు, ప్రశ్నోత్తరాలన్నీ వచ్చు. గుడ్డలు ఉతికే సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. కండెలు చుట్టే మాదిగ పేట ఆడమనిషిని అడిగి తెలుసుకునేదేముందని అనుకుని ఉంటాడు. అమ్మవారి పేరున్న మనిషి, వేపచెట్టు, నీళ్ళు: ఈ మూడూ కలిపి ఆయన ఒక లెక్క తేల్చుకున్నాడు.

వారం తర్వాత ఎవరో సంగతి ఫాదర్ చెవిన వేశారు. "విచారిస్తాలే" అన్నాడు ఫాదర్. ఆయనకు పద్దెనిమిది పల్లెలు. విచారించకముందే బదిలీ అయిపోయాడు.

"ఆ గుడికి పోవద్దులే" అన్నాడు ఉచ్చీరప్ప. "పెంతెకోస్తోళ్ళు రమ్మంటాండారు. ఆడ చెట్టు కూడా లేదు."

"గుడి ఏమన్నా ఆ ఉపదేశి అత్తగారిదా? నేనెందుకు పోకూడదు?" అంది హులిగమ్మ.

పోయింది. అక్కడే అందరి అంచనా తప్పింది. ఆదివారం అందరికంటే ముందు వచ్చేది. బుధవారం నవదిన ప్రార్థనకు వచ్చేది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం శుక్రవారాల్లో సిలువమార్గం పద్నాలుగు స్థలాలకూ మోకరించేది. మారింది ఒక్కటే. ముందు వరస వదిలి తలుపు పక్కన, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చునేది. శనివారం ఆవరణ ఊడవడం మానలేదు, ఎందుకంటే ఊడవద్దని ప్రకటనలో చెప్పలేదు.

గుడ్డలు ఇప్పుడు జయరాజు భార్య మేరి ఉతుకుతోంది. మెత్తని మనిషి. తెల్లగా ఉతికేది, గంజి పెట్టి ఆరేసేది, ఏ వంకా పెట్టడానికి లేదు. కానీ అన్నీ ఒకే బకెట్లో. ఆ నీళ్ళు బండ మీద నుంచి జారి రోడ్డు పక్క మురికి కాలవలోకి, పందులు పొర్లే చోటికి పోయేవి. చీపురు పట్టుకుని హులిగమ్మ ఆ ధారనే చూస్తూ నిలబడేది. చెబుదామని ఒకసారి బండ దాకా పోయింది. మేరి భయంగా గుడి పక్కనే ఉన్న తమ ఇంటి వైపు చూసి, "మా ఆయన చూస్తే అరుస్తాడక్కా, నీతో మాట్లాడొద్దన్నాడు" అంది. హులిగమ్మ వెనక్కి వచ్చేసింది.

తనను చెట్టుకు మొక్కే మనిషన్నారు. అది మోయగలిగింది. కానీ ప్రతి శనివారం ఆ పొడి పందుల కాళ్ళ కిందికి పోవడం, అది తెలిసిన మనిషి ఊరు మొత్తంలో తానొక్కతే కావడం, ఇది మాత్రం మోయలేకపోయింది. రెండేళ్ళు ఓర్చుకుంది. డెబ్భై అయిదులో ఒక శనివారం ఉచ్చీరప్ప పార భుజాన వేసుకుని వచ్చింది. బండ కింది నుంచి వేపచెట్టు దాకా జానెడు లోతున కాలవ తవ్వింది. చెట్టు చుట్టూ ఎవరూ తొక్కకుండా రాళ్ళు పేర్చింది. రోడ్డు వైపు దారి మట్టితో మూసేసింది.

జయరాజు వసారాలో నుంచి చూసి పరుగున వచ్చాడు.

"మళ్ళీ ఆ చెట్టేనా నీకు?"

"నీళ్ళు యాడికో ఒక తావుకి పోవల్ల గదప్పా. ఈ దారి వద్దంటే సెప్పు, నీ ఇంట్లోకి మళ్ళిస్తా."

బండ దగ్గర మేరి ఫక్కున నవ్వి, మొగుడి ముఖం చూసి తడికొంగు నోట్లో కుక్కుకుంది. ముట్టకూడదన్నది గుడ్డలను. మట్టిని ముట్టవద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. జయరాజు చెట్టు వైపు ఓసారి చూసి, "చెట్టెండిపోతోంది, పోనీలే" అని ఎవరికో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

అట్లా నాలుగేళ్ళు. చెట్టు బలిసింది. హులిగమ్మ తలుపు పక్కనే కూర్చుంది.

డెబ్భై తొమ్మిది నవంబరులో ఎమ్మిగనూరులో మందుల ఆసుపత్రి పెట్టడానికి కేరళ సిస్టర్లు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దామె సిస్టర్ లియోబా. వచ్చిన మొదటి శనివారమే గుడి వెనక్కి వచ్చి, ఉతుకుతున్న మేరి పక్కన నిలబడింది. తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటోంది.

"మొదటి నీళ్ళు ఎక్కడ పోస్తున్నావు?"

"మొదటివి, ఆఖరివి అని లేదు సిస్టర్. అన్నీ ఇట్లానే పోతాయి."

సిస్టర్ ముఖం మాడిపోయింది. కాలవ వెంట నడిచింది. చెట్టు దాకా పోయి, రాళ్ళ వరస చూసి ఆగింది.

"ఇది ఎవరు చేశారు?"

హులిగమ్మ చీపురు కింద పడేసింది. ఇంకో ప్రకటన మెడకు చుట్టుకుంటుందనుకుంది. "నేనే సిస్టరమ్మా. పూడ్చమంటే పూడుస్తా."

"ఎందుకు పూడ్చాలి? ఇదే కదా పద్ధతి! ఎవరు నేర్పారు నీకు?"

"గడ్డం స్వామి."

వసారాలో కుర్చీలో కూర్చున్న జయరాజు చేతిలోని జపాల పుస్తకం మూసేశాడు. సిస్టర్ ఆయనను పిలిచి అన్నీ విడమరిచి చెప్పింది. మేరి బండ దగ్గర నుంచి లేచి వచ్చింది. తడిచేతులు చీరకు తుడుచుకుంటూ, "రెండేళ్ళు దేవుణ్ణి మురికి కాలవలో కలిపానా నేను? నీ మాట పట్టుకునేగా?" అని మొగుణ్ణి అందరి ముందూ అడిగింది. ఇక గుడ్డలు ముట్టనంది.

సిస్టర్ ఆ రెండు గుడ్డలూ తెచ్చి హులిగమ్మ చేతుల్లో పెట్టబోయింది. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇట్లా వద్దు సిస్టరమ్మా. ఇవి ఆదివారం పోయినాయి, అందరి ముందర పోయినాయి. ఈడ, బండ సాటున రాకూడదు."

"క్షమించడం మంచిది కదా, హులిగమ్మా."

"క్షమిస్తా. గుడ్డలు మాత్రం ఆదివారమే తీసుకుంటా."

ఒకరిని తప్పు పట్టడానికి జయరాజుకు గుడి నిండా జనం కావలసి వచ్చింది. తన తప్పు ఒప్పుకోవడానికి మాత్రం చాటు వెతికాడు. ఒకసారి ఉచ్చీరప్పను బజారులో ఆపి, "మీ ఆవిడకు చెప్పవయ్యా, జరిగిందేదో జరిగింది" అన్నాడు. "నాకు సెప్తే ఏమొస్తాది అప్పా? నేను గుడికి పండక్కే వస్తా" అన్నాడు ఉచ్చీరప్ప. క్రిస్మస్ పోయింది, తపస్సుకాలం వచ్చింది. గుడ్డలు సిస్టరే ఉతుక్కుంటోంది. ఇంట్లో మేరి అన్నం వడ్డిస్తోంది, మాట వడ్డించడం లేదు. ప్రతి ఆదివారం ప్రకటనల కాగితం మడిచాక జయరాజు ఒక క్షణం ఆగేవాడు. సంగతి అప్పటికే తెలిసిన గుడి మొత్తం తలుపు పక్కకు చూసేది. ఆయన కూర్చునేవాడు.

మట్టల ఆదివారం వచ్చింది. చేతుల్లో ఈతమట్టలతో గుడి కిక్కిరిసింది. గురువారం కాళ్ళు కడిగే పూజకు పన్నెండు మంది మగవాళ్ళు కావాలి అని చదివాడు. శుక్రవారం ఉపవాసం అని చదివాడు. కాగితం మడిచాడు. నేల చూస్తూ ఏదో గబగబా గొణిగాడు.

తలుపు పక్క నుంచి హులిగమ్మ గొంతు వచ్చింది. "యినపల్లేదప్పా. తలుపు కాడ ఉండాను. కొంచెం గట్టిగా సెప్పు."

ఎక్కడో ఒక నవ్వు లేచి అంతలోనే ఆగిపోయింది. జయరాజు తలెత్తాడు. ఈసారి మాట తలుపు దాకా వినిపించింది.

"ఆరేళ్ళ కింద ఇక్కడే నిలబడి హులిగమ్మ చెట్టుకు మొక్కుతోందన్నాను. ఆమె చేసిందే గుడి పద్ధతి. నాకు తెలియదు. తెలియదని కూడా నాకు తెలియదు. ఆమెను అడగకుండా మీ అందరి ముందూ అవమానించాను. తప్పు నాది."

ఆ రోజు పసుపు మాట అన్నవాడు ఆ గుడిలోనే ఉన్నాడు, ఈతమట్ట ఆకులు లెక్కపెట్టుకుంటున్నాడు. బయటికి పోయాక పదిమంది "నాకు అప్పుడే అనుమానం" అన్నారు. అనుమానం ఉన్నవాళ్ళు ఆరేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నారో ఎవరూ అడగలేదు.

హులిగమ్మ లేచి, మనుషుల మధ్య నుంచి నడిచి పీఠం మెట్టు దాకా పోయింది. సిస్టర్ అందించిన గుడ్డలు రెండు చేతులా తీసుకుంది. ముందు వరసలో మేరి పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చుంది.

ఆ వారం శనివారం, ఈస్టరుకు ముందు రోజు. బండ దగ్గర హులిగమ్మ బకెట్టు పెట్టి, ఉపదేశి ఇంటి వైపు కేకేసింది. "మేరమ్మా, రా. మూడు నీళ్ళు నేర్పిస్తా. రేపు నేను పోతే నీకన్నా తెలిసుండల్ల." ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే ఉతికారు. మేరి తర్వాత పేటలో ఇంకో ఇద్దరు కోడళ్ళు నేర్చుకున్నారు. ఊరు మొత్తంలో ఒక్కతికే తెలిసిన సంగతి నలుగురిదయింది.

ఎనభై ఆరులో జయరాజుకు పక్షవాతం వచ్చింది. ఆదోనిలో కొడుకు ఇంటికి తీసుకుపోయారు. ప్రతి ఆదివారం పూజ అయినాక హులిగమ్మ బస్సెక్కి ఆదోని పోయేది. మంచం పక్కన కింద కూర్చుని, ఆ వారం గుడిలో ఎవరొచ్చారో, కొత్త ఉపదేశి ప్రకటనలు ఎట్లా తడబడుతూ చదువుతాడో చెప్పేది. ఆయన సగం మూతితో నవ్వేవాడు. తర్వాత ఇద్దరూ, మేరితో కలిసి, జపమాల చెప్పుకునేవాళ్ళు.

ఆయన ఒక గురువారం పోయాడు. దానికి ముందు ఆదివారం కూడా ఆమె వచ్చింది. జపమాల అయింది. బస్సుకు వేళవుతోందని లేస్తుంటే ఆయన మంచి చేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"హులిగమ్మా, నిజం చెప్పు. నీ మనసులో ఇంకా ఉందా అది?"

ఆమె మళ్ళీ కూర్చుంది. వెంటనే లేదని చెప్పలేదు. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, ఈ మంచం దగ్గర అసలే చేతకాదు.

"కొంచెం ఉండాది అప్పా. ఆరేండ్లది గదా, ఒక్కతూరి పోదు. నీ దగ్గరికి వచ్చి పోయిన వారమల్లా కొంచెం కొంచెం తగ్గతాండాది. మళ్ళా ఆదివారం వస్తా. ఇంకొంచెం తగ్గతాది."