ఈమెయిల్ తెచ్చిన మైకు

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా వార్డును ఆడవాళ్లకు కేటాయించిన ఏడాది మా మేనత్త కౌన్సిలర్‌గా నిలబడింది. ఏ పార్టీ లేదు, స్వతంత్రం. వానొస్తే మురికికాలవ ఇళ్లలోకి వస్తోందని ఎంత మొత్తుకున్నా వినేవాడు లేక, ఒళ్లు మండి వేసిన నామినేషన్ అది. తీరా చూస్తే గోడలన్నీ పార్టీలవాళ్లు ముందే సున్నం కొట్టి పట్టేసుకున్నారు. మైకు అద్దెకిచ్చేవాడు కూడా వాళ్ల మనిషే, లేదు పొమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగి అరిచి అరిచి అత్త గొంతు పోయింది.

"ఆదివారానికి మైకు దొరక్కపోతే సోమారం పేరు ఎనక్కి తీసీసుకుంతాను" అంది.

నేనప్పుడు ఊళ్లోనే ఇందా అనే పేటలో, ఒక సెంటర్‌లో కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. ఊళ్లో ఇంటర్నెట్ అనే మాట అప్పుడప్పుడే వినబడుతోంది. సెంటర్ నడిపే బెంగాలీ దాదాను, అంటే అన్నను, బతిమాలి, మా వీధిలో పెరిగి బయట ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలో నాకు తెలిసిన అడ్రసులన్నిటికీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపాను: అత్త నిలబడింది, మైకు లేదు, తలా కాస్త చందా వేయండి, మనవాళ్లందరికీ చెప్పండి.

అత్త వినగానే కస్సుమంది. "ఏటే నీ పిచ్చి! డబ్బా ముందు కూకుని టకటకలాడిస్తే మైకొస్తాదేటి?"

నాకు ఉక్రోషం వచ్చింది. శనివారం దాకా ఒక్క జవాబూ లేదు, లోపల భయం కూడా పట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే, విశాఖలో పనిచేస్తున్న మా పక్కింటి అన్నయ్య రైలు దిగి తిన్నగా మా ఇంటికొచ్చాడు. చేతిలో ఆంప్లిఫయరు, భుజాన హారన్! నా ఈమెయిల్ ప్రింటు తీసి వాళ్ల వర్క్‌షాపులో అంటించాడట. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాడల్లా చందా వేశాడట. మరి జవాబు రాయలేదేం అని మీద పడ్డాను.

"రాసీదేటే, తెచ్చినాను కదా!" అన్నాడు.

చందా అంటే వీధిలో డబ్బా పట్టుకు తిరగడమే తెలిసిన పార్టీలవాళ్లు, ఇదెటునుంచి వచ్చిందో అంతుచిక్కక గుడ్లు తేలేశారు. అత్త రిక్షా ఎక్కి బెంగాలీలో, హిందీలో, తెలుగులో వాళ్లను కడిగి పారేసింది. గెలిచింది!

ఓట్లు లెక్కించిన చోటునుంచి ఇంటికి కూడా వెళ్లకుండా నన్ను రెక్క పట్టుకుని ఇందా సెంటర్‌కు లాక్కెళ్లింది. మెళ్లో బంతిపూల దండ తీసి మానిటర్‌కి వేసేసింది. దాదా అత్తను బెంగాలీలో పిన్నీ అని పిలుస్తూ లబోదిబోమన్నాడు. "అరే మాషీమా, పోయినవాళ్ల ఫోటోలా ఉంది, తీసేయండి!"

అత్త వింటేగా.

"ఏటే, ఇది అందరికీ ఒక్కపాలే ఎల్తాదా?"

"వెళ్తుందత్తా."

"అయితే రాయి. మీ అత్త గెలిచినాది. రేపే కాలవ తవ్విస్తాది. సూడ్డానికి రండి!"